కోడి వీపు ఎత్తున

కోళ్ల ఫారంలో కొత్తగా పనికి కుదిరినవాళ్లకు ముందుగా చెప్పే మాట ఒకటుంది: దాణా డబ్బా అంచు కోడి వీపుకు సమానంగా ఉండాలి. కిందికి ఉంటే కోడి అందులో కాలు పెడుతుంది, ముక్కుతో పక్కలకు ఎగజిమ్ముతుంది. దాణా ఊకలో కలుస్తుంది, ఊకా రెట్టా దాణాలో కలుస్తాయి. మరీ పైకి ఉంటే మందలో చిన్నగా ఉండిపోయిన పిల్లలకు అందదు. చెప్పడానికి ఇంతే ఉంది, నేర్చుకోవడానికి ఒక పూట చాలు. షాద్‌నగర్ వైపు బ్రాయిలర్లు పెంచే మా బావగారు మాత్రం ఇన్నేళ్ల తర్వాత కూడా షెడ్డు తలుపు తీయగానే ముందు చూసేది ఆ అంచునే. రాత్రి ఎన్ని పిల్లలు చనిపోయాయన్నది ఆయన అడిగే రెండో ప్రశ్న.

ఎందుకంటే కోడి ఒకచోట ఆగదు. గుడ్డులోంచి బయటపడిన రోజు బ్రాయిలర్ పిల్ల 40 నుంచి 45 గ్రాములు తూగుతుంది. వారం తిరిగేసరికి దానికి నాలుగింతలవుతుంది. ఐదారు వారాల్లో రెండు కిలోల పైచిలుకు బరువుతో లారీ ఎక్కుతుంది. అంత వేగంగా పెరిగే ప్రాణికి వీపు ఎత్తనేది పూటపూటకూ మారే కొలత. సోమవారం సరిగ్గా కట్టిన తాడు గురువారానికి సరిపోదు. తాడు జారలేదు, డబ్బా ఒరగలేదు, ఎవరూ ఏ తప్పూ చేయలేదు. అయినా అమరిక చెడింది. ఇంట్లో గుమ్మం, గోడకు మేకు, పొలానికి గట్టు ఒకసారి సరిగ్గా పెడితే మళ్లీ ఏళ్లకు గాని ముట్టుకోం. పెరిగేదానికి పెట్టిన అమరిక అలా ఉండదు. అది సరిగ్గా ఉన్న కాలం చాలా కొద్ది, ఆ కొద్దికాలం దాటిందని మనకు చెప్పే గంట ఏదీ మోగదు. వెళ్లి చూడాల్సిందే. కోళ్ల పెంపకం గురించి నాకు తెలిసినదాంట్లో నేను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచించింది దీని గురించే.

మొదటి రెండు మూడు రోజులు డబ్బాల ఊసే ఉండదు. వెచ్చదనం కోసం రేకుతో గుండ్రంగా కట్టిన ఆవరణలో, ఊక మీద కాగితాలు పరిచి, వాటి మీదా చిన్న పళ్లేల్లోనూ దాణా వేస్తారు. కాగితం వేయడంలో శుభ్రత ఒక్కటే లక్ష్యం కాదు. పిల్ల పొడిస్తే కాగితం టకటకమంటుంది, ఆ చప్పుడు విని పక్క పిల్ల వచ్చి తనూ పొడుస్తుంది. ఊళ్లో తల్లికోడి నేల మీద ముక్కు కొట్టి పిల్లలకు తిండి చూపిస్తుంది కదా, తల్లి లేని ఈ వేల పిల్లలకు ఆ పాఠం కాగితం చెబుతుంది. మొదటి రాత్రి బావగారు టార్చిలైటు పట్టుకుని లోపలికి వెళ్లి అక్కడో పిల్లను, ఇక్కడో పిల్లను చేతిలోకి తీసుకుని మెడ కింద మేత సంచిని వేలితో తడిమి చూస్తారు. నిండుగా, మెత్తగా తగిలితే దాణా, నీళ్లు రెండూ అందినట్టు. గట్టిగా తగిలితే తిన్నది గాని నీళ్లు దొరకలేదు. ఏమీ తగలకపోతే ఆ పిల్లకు తిండి ఎక్కడుందో ఇంకా తెలియలేదు. పళ్లేల సంఖ్య, వాటి మధ్య దూరం, లైటు, వేడి ఇవన్నీ బాగున్నాయో లేదో ఆ వేలికొసకు తెలుస్తుంది. అంతకంటే నమ్మదగిన పరికరం ఆ షెడ్డులో ఇంకొకటి లేదు.

తర్వాత పళ్లేల నుంచి వేలాడే డబ్బాలకు మార్చాలి. దీనికి తొందర పనికిరాదు. పళ్లేలను రోజుకు కొంచెం కొంచెంగా డబ్బాల వైపు జరుపుతూ, రెండూ కొన్నాళ్లు పక్కపక్కనే ఉంచి, పిల్లలు డబ్బా దగ్గరే తింటున్నాయని కంటితో చూశాకే పళ్లేలు తీసేస్తారు. ఒకే ఉదయం పళ్లేలన్నీ ఎత్తేస్తే, తిండి పక్కనే ఉన్నా కొన్ని పిల్లలు పాత చోటునే వెతుక్కుంటూ తిరుగుతాయి. ఆ ఒక్కరోజు వెనకబాటు లారీ ఎక్కేదాకా వాటి ఒంట్లో కనిపిస్తుంది.

డబ్బాకు ఎత్తుతో పాటు సందు కూడా ఉంటుంది. పై గొట్టానికీ కింది పళ్లేనికీ మధ్య దాణా జారే దారి అది. వెడల్పుగా ఉంటే పళ్లెం పొర్లుతుంది. ఇరుకైతే, ముఖ్యంగా వానాకాలంలో గాలిలో తేమ పెరిగినప్పుడు, దాణా గొట్టంలోనే ఉండకట్టి పట్టుకుంటుంది. అప్పుడు పైనుంచి చూస్తే డబ్బా నిండుగా ఉంటుంది, కింద కోళ్లు ఖాళీ పళ్లేన్ని పొడుస్తుంటాయి. దారి వెంట నడుస్తూ ఒక్కో డబ్బాను అరచేత్తో తట్టుకుంటూ వెళ్లేవాళ్లను చూసి మొదట్లో అలవాటు కొద్దీ చేస్తున్నారనుకున్నాను. వాళ్లు దాణా దిగిందో లేదో వింటున్నారు. ఖాళీ గొట్టం ఒకలా మోగుతుంది, నిండుది ఒకలా, మధ్యలో పట్టుకున్నది మరోలా.

ఇప్పుడు పెద్ద షెడ్లలో చేతి డబ్బాల స్థానంలో పాన్ లైన్లు వచ్చాయి. షెడ్డు పొడవునా ఒక గొట్టం, లోపల చుట్టలు తిరిగిన ఉక్కు ఆగర్, గొట్టానికి వరసగా వేలాడే పళ్లేలు. ఒక కొసన దాణా పోసే హాపర్, రెండో కొసన మోటారు. లైను మొత్తాన్ని ఒక్క విన్చితో పైకీ కిందికీ జరపవచ్చు. ఎంతో శ్రమ తగ్గింది, అందులో సందేహం లేదు. ఆ లైనులో నన్ను కట్టిపడేసేది మాత్రం చివరనున్న కంట్రోల్ పాన్. మోటారు ఎప్పుడు తిరగాలో నిర్ణయించేది ఆ ఒక్క పళ్లెం. అందులో దాణా తగ్గితే స్విచ్చి పడి ఆగర్ తిరుగుతుంది, దాణా హాపర్ దగ్గర బయల్దేరి ముందున్న పళ్లేలను నింపుకుంటూ చివరికి చేరుతుంది, చివరి పళ్లెం నిండగానే మోటారు ఆగుతుంది.

ఇక ఆ కొసన లైటు మాడిపోయిందనుకుందాం. లేదా తలుపు సందు నుంచి చలిగాలి కొడుతోంది. కోళ్లు అటు వెళ్లవు. కంట్రోల్ పాన్ నిండుగానే ఉంటుంది. మధ్యలో ఉన్న పళ్లేలన్నీ నాకేసినట్టు ఖాళీ అయినా మోటారు తిరగదు. దానికి అందిన కబురు ప్రకారం షెడ్డంతా కడుపునిండా ఉంది. ఏ భాగమూ చెడిపోలేదు, బాగుచేయడానికి ఏమీ లేదు, వేల కోళ్లు ఆకలితో ఉన్నాయి. అందుకే ఆ పళ్లెం మీద ప్రత్యేకంగా ఒక బల్బు వెలిగించి కోళ్లను అటు రప్పిస్తారు. షెడ్డులోకి వెళ్లేవాళ్లు హాపర్ వైపు తలుపు దగ్గరే నిలబడి చూసి వచ్చేస్తే ఈ సంగతి ఎన్నటికీ తెలియదు. చివరిదాకా నడవాలి. అక్కడ గొంతుక్కూర్చుని, కోడి తల ఎత్తు నుంచి లైను మొత్తాన్ని ఒకసారి చూడాలి. కేబుల్ సాగి లైను నడుమ ఎక్కడ కుంగిందో, నేల పల్లంగా ఉండి ఎక్కడ పళ్లేలు ఎత్తయ్యాయో, ఊక ఎక్కడ కుప్పపడి అంచును మింగేసిందో నిలబడి చూస్తే కనపడనివన్నీ అప్పుడు కనిపిస్తాయి.

గోదావరి వైపు వ్యవహారం వేరు. అనపర్తి, తణుకు ప్రాంతాల్లో గుడ్ల కోళ్లే ఎక్కువ. మా చిన్నాన్నది అనపర్తి దగ్గర లేయర్ ఫారం. అక్కడ కోడి కేజ్‌లో ఉంటుంది, కేజ్ ముందు పొడుగ్గా తొట్టి. ఎదిగిన కోడి కాబట్టి ఎత్తు గొడవ తక్కువ. అక్కడ చూడాల్సింది నింపే మట్టం. ఈ రంగంలో పాత లెక్క ఒకటి చాలాకాలంగా ప్రచారంలో ఉంది: తొట్టి అంచుదాకా నింపితే దాణాలో 30 శాతం దాకా వృథా అవుతుంది, మూడింట రెండొంతులు నింపితే 10 శాతం, సగానికి నింపితే 3 శాతం, మూడోవంతే నింపితే 1 శాతం. నిండుగా పోస్తే ఒక్కసారితో పని తేలిపోతుంది, మూడోవంతు పోస్తే రోజుకు రెండు మూడుసార్లు తట్ట ఎత్తాలి. తొట్టిలో దాణా ఎంత లోతుందన్నది చివరికి మనుషుల నడుము నొప్పితో ముడిపడిన విషయం. అలాగని మరీ పలచగా పోయడానికీ లేదు. ఈ కోళ్లకు చిన్నప్పుడే ముక్కు కొస కత్తిరిస్తారు, అడుగున సన్నటి పొరగా ఉన్న దాణాను అవి ఎత్తుకోలేవు.

గుడ్ల కోడి రోజుకు 110 గ్రాముల వరకు తింటుంది. కోడికి ఒక్క గ్రాము చొప్పున నేలపాలైతే, 50,000 కోళ్ల ఫారంలో అది రోజుకు 50 కిలోలు, నెలకు టన్నున్నర. ఖర్చులో మూడింట రెండొంతులు దాణాకే పోయే వ్యాపారంలో ఆ టన్నున్నర చిన్నది కాదు. గుడ్డు ధర రైతు చేతిలో లేదు. 1982లో డాక్టర్ బి.వి.రావు చొరవతో ఏర్పడిన జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ రోజూ ధర ప్రకటిస్తుంది, దాని మీద బజారు నడుస్తుంది. మొక్కజొన్న ధరా రైతు చేతిలో లేదు, ఇప్పుడు దాని కోసం ఇథనాల్ కర్మాగారాలు కూడా పోటీకి వచ్చాయి. రైతు చెయ్యి ఆనేది తొట్టి అంచు దగ్గరే. ఎత్తులో కట్టిన ఆ షెడ్ల కిందికి వెళ్లి చూస్తే రెట్ట గుట్టల మీద అక్కడక్కడా పచ్చగా చారలు కనిపిస్తాయి. పైన ఏ తొట్టి అతుకు విడిపోయిందో, ఏ రేకు తుప్పుపట్టి బొక్కపడిందో కిందనుంచి వేలుపెట్టి చూపించవచ్చు. చిన్నాన్న వారానికోసారి షెడ్డు కింద నడుస్తారు. ఫారం చూడడానికి వచ్చే బంధువులు ముక్కు మూసుకుని పైకే వెళ్తారు గానీ, ఆ ఫారం గురించి తెలుసుకోవాల్సింది చాలావరకు కిందే ఉంది.

లేయర్లకు వేసేది పొడి దాణా. మొక్కజొన్న నూక, సోయా చెక్క, నూనె తీసిన తవుడు, సున్నపురాయి, వాటిలో చిటికెడంత కొలతల్లో విటమిన్లు, ఖనిజాలు, అమైనో ఆమ్లాలు. కోడి ఏం చేస్తుందంటే పెద్ద గింజ ముక్కలను ముందు ఏరుకుని తినేస్తుంది. అడుగున మెత్తటి పొడి మిగులుతుంది, ఖరీదైనవన్నీ అందులోనే ఉంటాయి. దాని మీద మళ్లీ కొత్త దాణా పోస్తే ఆ పొడి అలాగే ఉండిపోయి గట్టిపడుతుంది. అందుకే రోజులో ఒకసారి తొట్టి పూర్తిగా ఖాళీ కానివ్వాలి. మధ్యమధ్య తొట్టి పొడవునా చెయ్యి పెట్టి దాణాను కలియబెడుతూ నడవాలి. చెయ్యి కదిలిన అలికిడికి కోళ్లు మళ్లీ తలలు బయటపెట్టి తింటాయి. పై వరస తొట్టిలోకి చూపు ఆనదు, వేళ్లతోనే తెలుసుకోవాలి. అలా నడిచే మనిషి కొస దాకా వెళ్తున్నారా, ముప్పావు దూరంలో వెనుతిరుగుతున్నారా అన్నది నాకు చాలా పెద్ద విషయంగా తోస్తుంది. పెళ్లి బంతిలో చివరి విస్తరి దగ్గరికి వచ్చేసరికి పప్పులో నెయ్యి అయిపోయినట్టు, వరస చివరి కేజ్‌కు ఏరగా మిగిలిన పొడే చేరడం నేను చూశాను. ఆ కేజ్‌లోని కోళ్లు పోట్లాడలేవు, ముందుకు జరగలేవు. వాటికి వచ్చేది ఆ ఒక్క మనిషి అటు నడిస్తేనే వస్తుంది.

నేల మీద విడిగా తిరిగే కోళ్లలో ఇంకో అన్యాయం ఉంటుంది. నార్వేకు చెందిన షెల్డెరప్ ఎబ్బే చిన్నతనం నుంచి కోళ్లను గమనిస్తూ, మందలో ఎవరు ఎవరిని పొడవవచ్చో ఒక వరస ఉంటుందని 1921లో శాస్త్రలోకానికి వివరించాడు. తిండి దగ్గర చోటు చాలకపోతే ఆ వరస క్రూరంగా పనిచేస్తుంది. పై వరసలో ఉన్నది తిన్నంతసేపూ అడుగున ఉన్నది పక్కన తిరుగుతుంది, దానికి చోటు దొరికేసరికి దాణా ఉండదు. బలహీనంగా ఉంది కాబట్టి ఆలస్యంగా తింటుంది, ఆలస్యంగా తింటుంది కాబట్టి ఇంకా బలహీనమవుతుంది. ఈ ముడి విప్పడం కోడి చేతిలో లేదు. డబ్బాలు పెంచడం, వాటిని షెడ్డంతటా చెదిరి ఉండేలా వేలాడదీయడం, దాణా అన్నిచోట్లకూ ఒకేసారి చేరేలా చూడడం, ఇవి మనిషి చేతిలో ఉన్నాయి. పొదిగించడానికి పంపే గుడ్ల కోసం పెట్టలనూ పుంజులనూ కలిపి పెంచే పేరెంట్ ఫారాల్లో దీన్ని ఎంత శ్రద్ధగా చేస్తారో చూస్తే ముచ్చటేస్తుంది. అక్కడ తిండి కొలిచి పెడతారు కాబట్టి చీకట్లోనే లైను నిండా దాణా పరిచి, ఆ తర్వాతే లైట్లు వేస్తారు. అన్నీ ఒక్కసారే తినడం మొదలుపెడతాయి. పెట్టల తొట్టి మీద కడ్డీల సందు పుంజు తల, జుట్టు దూరనంత ఇరుగ్గా ఉంటుంది. పుంజుల పళ్లేలు పెట్టలకు అందనంత ఎత్తున వేలాడుతాయి. ఒకే కప్పు కింద రెండు ఎత్తులు, రెండు కొలతలు, ఎవరి తిండి వారికి.

మామూలు లెక్కల పుస్తకంలో ఇదేమీ కనపడదు. ఎంత దాణా తింటే ఎంత బరువు వచ్చిందన్న ఎఫ్‌సీఆర్ అనే ఒక్క అంకె మంద మొత్తానికి వేస్తారు. మంద సగటు బాగుంటే అందరికీ సంతోషం. ఆ సగటులో అంచు అందక గిడసబారినవి ఎన్ని, ఎక్కువ తిని కొవ్వెక్కినవి ఎన్ని అన్నది ఉండదు. అది తెలియాలంటే వంద కోళ్లను పట్టి విడివిడిగా తూచాలి. సగటుకు పది శాతం అటూ ఇటూ ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి. వందలో ఎనభై ఆ మధ్యలో ఉంటే ఫారం బాగున్నట్టు. ఒక్కో కోడినీ పట్టి తూచడం విసుగు పుట్టించే పని, చాలామంది ఎగ్గొడతారు. నా మట్టుకు నాకు ఎఫ్‌సీఆర్ కంటే ఈ అంకె మీదే గౌరవం.

శుభ్రం చేయడం గురించి కొంచెం చెప్పాలి. తొట్టి మూలల్లో, డబ్బా అంచు మడతలో, నీళ్ల నిపుల్ కారి తడిసిన చోట దాణా ముద్దయి పులుస్తుంది, బూజు పడుతుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ పిల్లలు అంతుచిక్కని జబ్బుతో చనిపోయాయి. వెతికి వెతికి చివరికి బ్రెజిల్ నుంచి దిగుమతైన వేరుశనగ చెక్క దగ్గర తేలింది. దానికి పట్టిన బూజు విడుదల చేసిన విషం కాలేయాన్ని తినేసింది. అఫ్లాటాక్సిన్ అనే పేరు లోకానికి తెలిసింది అలాగే. ఇవాళ దాణా మిల్లుల్లో మొక్కజొన్నకు పరీక్షలు చేస్తారు, విషాన్ని పట్టి ఉంచే మందులు కలుపుతారు. ఇంత చేసి పంపిన దాణా, షెడ్డులో వారం రోజులుగా గోకని మూల మీద పడితే ఆ జాగ్రత్త అక్కడితో సరి. గోదావరి జిల్లాల్లో శ్రావణ భాద్రపదాల ముసురులో ఇది రోజూ చూడాల్సిన పని. బ్యాచ్ వెళ్లాక డబ్బాలన్నీ విప్పి నానబెట్టి, తోమి, మందు నీళ్లలో ముంచి, ఎండలో బోర్లిస్తారు. తడి ఆరకుండా బిగిస్తే కొత్త దాణా మొదటి రోజే అంటుకుంటుంది.

వేసవిలో మళ్లీ అన్నీ మారతాయి. కోడికి చెమట పట్టదు. దాని ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల దగ్గర ఉంటుంది, తిన్నది అరిగేటప్పుడు ఇంకా పెరుగుతుంది. మే నెలలో బయట 44 డిగ్రీలు ఉన్న మధ్యాహ్నం కడుపు నిండిన కోడి ఆ వేడిని బయటికి పంపలేక రొప్పి రొప్పి చనిపోతుంది. అందుకని పొద్దెక్కకముందే డబ్బాలను తాళ్లతో అందనంత పైకి లాగేస్తారు, ఎండ తగ్గాక దించుతారు. తినిపించే పని తెల్లవారుజామున, రాత్రి చల్లబడ్డాక. వీపు ఎత్తు సూత్రం అప్పుడు మధ్యాహ్నం పూట పక్కకు తప్పుకుంటుంది. మనుషుల నిద్ర కూడా తప్పుకుంటుంది.

ఆ మనుషులెవరో చెప్పకపోతే ఇప్పటిదాకా రాసినదానికి అర్థం లేదు. చాలా ఫారాల్లో షెడ్డుకు ఒక జంట ఉంటుంది. ఒడిశా నుంచో, బీహార్ నుంచో, శ్రీకాకుళం నుంచో వచ్చిన భార్యాభర్తలు. షెడ్డు పక్కనే ఒక గది, అందులోనే కాపురం. మూడున్నరకు లేచి డబ్బాలు దించేది వాళ్లు, గొట్టం తట్టి వినేది వాళ్లు, పై తొట్టిలో చెయ్యి పెట్టేది వాళ్లు. పరికరాల జాబితాలో హాపర్, ఆగర్, మోటారు, విన్చి, కేబుల్ అన్నీ ధరలతో సహా ఉంటాయి. రోజూ వెళ్లి చూసే కన్నుకు అందులో వరస లేదు. యంత్రం వచ్చింది కదా, ఒక జంట రెండు షెడ్లు చూసుకోవచ్చని లెక్క వేస్తారు. అప్పుడు ఎగిరిపోయేది ఆ చివరి పళ్లెందాకా నడిచే సమయం. బరువు మోసే పని యంత్రం తీసుకుంది, అది మంచిదే. దానివల్ల మిగిలిన గంటలను చూడడానికి వాడాలి. మనుషులను తగ్గించడానికి వాడితే యంత్రం వచ్చిన లాభం ఊకలోకే పోతుంది.

బ్రాయిలర్లలో ఇది ఇంకా సూటిగా తగులుతుంది. కంపెనీ పిల్లలనూ దాణానూ ఇస్తుంది, రైతు షెడ్డు, కరెంటు, ఊక, కూలి పెట్టుకుంటాడు, బ్యాచ్ చివర కిలోకు ఇంతని పెంపకం ఛార్జీ వస్తుంది. ఎఫ్‌సీఆర్ బాగుంటే ఆ ఛార్జీ పెరుగుతుంది, చెడితే కోత. అంటే ఊకలో రాలిన ప్రతి గింజా రైతు లెక్కలోంచి పోతుంది. ఆ గింజను రాలకుండా ఆపినవాళ్లకు మాత్రం నెల జీతం తప్ప ఏమీ ఉండదు. మా బావగారు ఈ మధ్య బ్యాచ్ లెక్క తేలాక, ఎఫ్‌సీఆర్ వల్ల అదనంగా వచ్చినదాంట్లో ఒక వంతు ఆ దంపతులకు ఇస్తున్నారు. దయతో ఇస్తున్నానని ఆయన అనరు, వాళ్ల వాటా అంటారు. కొత్త బ్యాచ్ దిగిన రోజే ఎంత వంతో చెప్పి, గోడ మీద వేలాడే రికార్డు షీటులో, చనిపోయిన కోళ్ల గడి కింద రాసిపెడతారు. కంపెనీకీ రైతుకూ మధ్య కుదిరే ఒప్పంద పత్రంలోనే ఈ వాటాకు ఒక వరస ఉండాలని నా కోరిక. ఇవ్వాలా వద్దా అన్నది ఒక్కో రైతు మంచితనానికి వదిలేయకూడదు, ఎందుకంటే తాడు ముడి జరిపే చెయ్యి ఎవరిదో ఆ పత్రం రాసేవాళ్లకు బాగా తెలుసు.